ముందు గుమ్మం

మా కొట్లో గంజాయి అమ్మకం మొదలైన రోజు వరుసలో అందరికంటే ముందు నిలబడ్డది నా సొంత మరిది ఎబెర్. అతన్ని ఒట్టి చేతులతో వెనక్కి పంపింది నేను. ఊరంతా చూస్తుండగానే పంపాను. ఈ సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ సగమే చెబుతారు. మిగతా సగం నేను చెబుతాను, వినండి.

నా పేరు నీబియా. ఊరి నడుమ పార్కుకి ఎదురుగా, మూల మీద ఉన్న మందుల కొట్టు మాది. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. ఊళ్ళో అందరూ నన్ను మందులమ్మ అంటారు. నోరు పెద్దదని కూడా అంటారు, అదీ నిజమే. మందుల కొట్టు నడిపే మనిషికి మెత్తటి నోరు పనికిరాదు, "ఇవ్వను" అనగలిగే నోరు కావాలి. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగితే మేయరు భార్యకే ఇవ్వనన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళింది. మర్నాడు చీటీ పట్టుకుని మళ్ళీ వచ్చింది.

మా ఉరుగ్వే పటంలో వేలెడంత ఉంటుంది. అయినా పెద్ద పెద్ద దేశాలు చెయ్యలేని పని మేం చేశాం. గంజాయి తాగేవాళ్ళ వెంట పోలీసుల్ని పరిగెత్తించడం మానేసి, మందుల కొట్టు కౌంటరు మీద పెట్టి అమ్మాం. తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది, దాచుకోవడం ఎందుకు? పద్ధతి కూడా తేలికే. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు పోస్టాఫీసుకి వెళ్ళి వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలి. కొనేటప్పుడు కొట్లో చిన్న మెషీను మీద మళ్ళీ వేలు పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే ప్యాకెట్టు ఇస్తాం, ఎర్ర దీపం వెలిగితే ఇవ్వం. వారానికి ఇంతకు మించి లేదు. ప్యాకెట్టు మీద సరుకు బలమెంతో రాసి ఉంటుంది. ఇంతే.

పట్నాల్లో ఇదంతా మొదలై ఏడాది దాటినా మా ఊళ్ళో అమ్మడానికి ఎవరూ ముందుకు రాలేదు. రెండో మందుల కొట్టాయన "నాకొద్దు తల్లీ, మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అని చేతులెత్తేశాడు. నేను దరఖాస్తు పెట్టిన సంగతి తెలిసి పేర్లా పొద్దున్నే దిగింది. చర్చిలో పూల పని అంతా ఆవిడదే.

"మందుల కొట్టు జబ్బుమనుషుల కోసం, నీబియా. మీ నాన్న ఉంటే ఏమనేవాడు?" అంది.

"నెలనెలా నువ్వు కొనుక్కెళ్ళే జుట్టు రంగు ఏ జబ్బుకి పేర్లా?" అన్నాను.

ఆ తరవాత ఆవిడ ఓ వారం జుట్టు రంగు కోసం కూడా రాలేదు.

నేనెందుకు ఒప్పుకున్నానో చెబుతాను. వంతెన కింద ఇంట్లో బోడిగుండు రామోన్ అని ఒకడున్నాడు. మా ఊరికి గంజాయి అంటే వాడే. వాడమ్మేది సరిహద్దు అవతల నుంచి వచ్చే నల్లటి ముద్ద. ఎక్కడెక్కడో తొక్కి, తడిపి, గట్టిగా అదిమిన సరుకు, పిల్లి ఉచ్చ కంపు కొడుతుంది. అది తాగి దగ్గుతూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు, దగ్గు మందు కోసం. అదైనా పోనీ అనుకోవచ్చు. ముద్ద అయిపోయిన రోజున వాడు "ఇవాళ ఆకు లేదు, ఇది చూడు" అని తెల్ల కొకైన్ పేస్టు పొట్లం చేతిలో పెట్టేవాడు. ఆ పేస్టు మొదలుపెట్టినవాళ్ళని చూశాను. ఏడాదిలో ఇంట్లో తలుపులు కూడా ఊడదీసి అమ్మేస్తారు. రామోన్ ఏ రోజూ ఎవరి వయసూ అడగలేదు, ఎవరికీ లేదనలేదు. "ఇవ్వను" అనే మనిషి ఒకరు మధ్యలో ఉండాలని నాకనిపించింది. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు చెప్పండి?

ఇంకో సంగతి. మా కొట్టుకి పక్క సందులోకి ఒక చిన్న గుమ్మం ఉండేది. సిగ్గుపడేవాళ్ళ కోసం నాన్న పెట్టించాడు. పేల మందు, మూలశంక లేపనం, నిరోధ్, అన్నీ అటునుంచే వెళ్ళేవి. అమ్మకానికి అనుమతి వచ్చిన రోజే వడ్రంగిని పిలిచి ఆ గుమ్మానికి అడ్డంగా చెక్కలు కొట్టించాను. సందులోంచి అమ్మితే నాకూ రామోన్‌కీ తేడా ఏముంటుంది?

ఇక ఎబెర్ సంగతి. ఎబెర్ టెచేరా, మా చెల్లెలు సుల్మా మొగుడు. ఊరి చివర ఇటుకల బట్టీ. మట్టి తొక్కించడం, అచ్చుల్లో ఇటుకలు కోయడం, ఎండబెట్టడం, కాల్చడం, అన్నీ తన చేతుల మీదే. మా ఊళ్ళో నిలబడున్న గోడల్లో సగం ఎబెర్ చేతిలోంచి వచ్చినవే. మాట తక్కువ, పని ఎక్కువ. సాయంత్రం పనయ్యాక చేతులు కడుక్కుని, మా టీ లాంటి మాతే ఆకు వేణ్ణీళ్ళలో కలుపుకుని, బట్టీ పక్కన కూర్చుని ఒక చుట్ట గంజాయి కాలుస్తాడు. ఇది ఊరందరికీ తెలుసు.

పంతొమ్మిదేళ్ళప్పుడు పెరట్లో పాత డబ్బాలో ఒక గంజాయి మొక్క పెంచాడు. ఒకటంటే ఒకటే మొక్క. అప్పట్లో యూనిఫారం వేసుకున్నవాడిదే రాజ్యం. ఇన్‌స్పెక్టర్ ఒలాసాబల్ వచ్చి, చేతులకు బేడీలు వేసి, ఆ డబ్బా మొక్కతో సహా ఎబెర్ చేతుల్లోనే పెట్టి, ఆదివారం సాయంత్రం పార్కు చుట్టూ తిప్పాడు. ఆదివారం సాయంత్రం అంటే తెలుసుగా, ఊరు ఊరంతా చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే తాగే సొరబుర్ర పట్టుకుని పార్కులోనే తిరుగుతుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆపనూ లేదు. అప్పుడు మా సుల్మా ఎబెర్‌కి ఇంకా పరిచయం లేదు. ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ కుర్రాడి చేతులు వణకలేదని, డబ్బాని పసిపిల్లాడిలా పట్టుకున్నాడని ఇంటికొచ్చి నాతో చెప్పింది.

ఎబెర్ జైల్లో ఉండి వచ్చాడు. ఆ తరవాత మళ్ళీ పార్కు దాటలేదు. చర్చికైనా, బ్యాంకుకైనా, చివరికి తన పెళ్ళికైనా వెనక వీధుల్లోంచే తిరిగి వచ్చాడు. ఎవరైనా అడిగితే "ఇటు నీడ ఎక్కువ" అనేవాడు. నా కొట్టుకి పార్కులోవాళ్ళ కంట పడకుండా రావాలంటే ఆ పక్క సందే దారి. ఇన్నేళ్ళూ అటునుంచే వచ్చాడు.

అందుకని మొదటిరోజు పొద్దున నేను తలుపులు తీసి, మరిదిగారు పార్కు మధ్యలోంచి నడిచి రావడం చూసి తాళంచెవి తలుపుకే వదిలేశాను. డిసెంబరు ఎండ, మా వైపు ఎండాకాలం అప్పుడే, చలికాలం జులైలో. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పక్కన సుల్మా చెయ్యి పట్టుకుని, పండక్కి వెళుతున్నట్టు తల ఎత్తుకుని నడుస్తోంది. పూల మొక్కల మధ్య నుంచి, సరిగ్గా నడి దారిలో వచ్చి, మా ముందు గుమ్మంలో మొదట నిలబడ్డారు. చూస్తుండగానే వెనకాల వరుస పెరిగింది. సగం మంది కొనడానికి, సగం మంది చూడ్డానికి.

"మందులమ్మా, ఇది భోజనానికి ముందా, తరవాతా?" అని కేకేశాడు మంగలి మిల్టన్.

"ఎప్పుడు తీసుకున్నా ఆకలేసి రెండోసారి భోంచేస్తావులే" అన్నాను. అందరూ నవ్వారు.

వరుసలో ఇన్‌స్పెక్టర్ ఒలాసాబల్ కూడా ఉన్నాడు. రిటైరై ఏళ్ళు గడిచాయి, చేతికర్ర వచ్చింది, అయినా ఊళ్ళో ఇంకా ఇన్‌స్పెక్టర్ గారే. రక్తపోటు మాత్రల కోసం వచ్చాడు. సుల్మా చూసింది. ఎబెర్ చూడనట్టే ఉన్నాడు.

"రా ఎబెర్. వేలు పెట్టు" అన్నాను.

పెట్టాడు. ఎర్ర దీపం.

"తుడిచి పెట్టు."

తుడిచి పెట్టాడు. మళ్ళీ ఎరుపే. బొటనవేలు, చూపుడువేలు, అటు చెయ్యి, ఇటు చెయ్యి, అన్నీ అయ్యాయి. నేను మెషీను అద్దం తుడిచాను, తీగ ఊడదీసి పెట్టాను. నా చేతిలోకి ఎబెర్ చెయ్యి తీసుకుని వెలుతుర్లో చూశాను. అప్పుడర్థమైంది. వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. తడి మట్టీ, ఇసకా, అచ్చు చెక్కా కలిసి గీతలన్నీ తినేశాయి.

"జులైలో రాయించుకున్నా వదినా" అన్నాడు మెల్లిగా. "అప్పుడు వానలు. బట్టీ పని లేదు. చేతులు బాగున్నాయి."

చూశారా, ఇటుకల వాడు తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెవడూ చెయ్యడు. చలికాలపు వేళ్ళతో రాయించుకుని, ఎండాకాలపు వేళ్ళతో కొనడానికి వచ్చాడు.

వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. "ఎబెర్ ఎవరో మనకి తెలీదా? ఇచ్చెయ్ మందులమ్మా!" అన్నారు. ఇంతలో మిల్టన్ చొక్కా చేతులు మడుస్తూ ముందుకొచ్చాడు.

"ఇందులో ఏముంది? నా వేలు పనిచేస్తుంది, నేను పెడతా. ప్యాకెట్టు అతనికిచ్చెయ్యి."

మిల్టన్‌ని తప్పుపట్టలేను. మా ఊళ్ళో మాతే బుర్ర ఒకటే పదిమంది చేతులు మారుతుంది, అందరూ ఒకే గొట్టంతో తాగుతారు. నిచ్చెన, గుర్రం, సైకిలు, పెళ్ళి కోటు, ఏదడిగినా ఇస్తారు. వేలు కూడా అరువిస్తాడని మాత్రం నేననుకోలేదు.

"వేలు వెనక్కి తియ్ మిల్టన్" అన్నాను. "అది నీ వేలు. ప్యాకెట్టు నీది. అతనిది కాదు."

"అబ్బా, ఎవరు చూడొచ్చారు?"

"ఇంతమంది చూస్తున్నారు కదా, కనబడ్డంలేదా? ఇవాళ నీ వేలు ఎబెర్‌కి అరువిస్తావు. రేపు ఇంకెవడో తన వేలు పదిహేనేళ్ళ పిల్లాడికి అరువిస్తాడు. ఎల్లుండి ఈ కొట్టుకి తాళం పడుతుంది. అప్పుడు మీరంతా మళ్ళీ వంతెన కిందికే పోవాలి. ఇవ్వను."

వెనకనుంచి ఒలాసాబల్ గొంతు వినబడింది. పెద్దగా కూడా అనలేదు.

"చట్టం వచ్చింది గానీ టెచేరా, నీ దాకా రాలేదే!"

ఎబెర్ కళ్ళు పక్క గుమ్మం వైపు వెళ్ళాయి. అలవాటు మరి. అక్కడ చెక్కలు కనిపించాయి. కొట్టించింది నేనే. ఇక చేసేది లేక వెనక్కి తిరిగి, వరుస పొడవునా, అందరి ముఖాల ముందునుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. పార్కు దాటలేదు. గోడ వారనే పోయాడు. సుల్మా వెళ్ళబోతూ ఆగి నా వైపు చూసింది.

"నువ్వసలు మనిషివేనా అక్కా?" అంది.

నేను తరవాతి మనిషిని పిలిచాను. ఆ రోజు సరుకంతా అమ్ముడైపోయింది. ఇంటికెళ్ళి మంచం మీద కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం సుల్మా ఇంటినుంచి పిలుపు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఎబెర్ నిప్పుల మీద గొర్రె పక్కటెముకలు కాలుస్తాడు, నేను రొట్టె పట్టుకెళతాను. మా అమ్మ పోయిన ఏడాది కూడా ఆ భోజనం తప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. పిలవకపోతే వెళ్ళకూడదా? రొట్టె చంకన పెట్టుకుని బట్టీ దగ్గరికి నడిచాను.

నిప్పు వెలిగి ఉంది, మాంసం కాలుతోంది. సుల్మా నన్ను చూసి లోపలికి పోయి, మూడో కంచం తెచ్చి బల్ల మీద టక్కున పెట్టింది. ఎబెర్ మాతే కలిపి నాకే మొదట ఇచ్చాడు.

"పోస్టాఫీసుకి వెళ్ళావా?" అన్నాను.

"వెళ్ళా. మళ్ళీ ముద్రలు తియ్యమన్నా. తీస్తే తెల్ల మచ్చలు పడ్డాయి. వేళ్ళు మొలిచాక రమ్మంది ఆ అమ్మాయి" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మాతే బుర్ర వెనక్కి తీసుకుంటూ అన్నాడు. "రామోన్ కబురంపాడు."

"ఏమని?"

"వాడికి వేలితో పని లేదట. పాత ఖాతాదారు కదా, ఇంటికే పంపిస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

ఎబెర్ కట్టెతో నిప్పులు కెలికాడు. అప్పుడు సుల్మా ఇక ఆపుకోలేకపోయింది.

"ఏమంటాడు? నీ పుణ్యాన ఇప్పుడు ఏమైనా అనచ్చు! ఎంతలో పనక్కా అది? మందుల సంచీలో ఒక ప్యాకెట్టు పడేసి, ఆదివారం రొట్టెతో పాటు తేలేవా? ఎవడికి తెలుస్తుంది? నీ సొంత మరిది! ఊరంతా చూస్తుండగా ఆ ముసలాడు అంతమాట అన్నాడు, నువ్వు కౌంటరు వెనకాల బొమ్మలా నిలబడ్డావు!"

"సంచీలో పెట్టి దొంగచాటుగా ఇవ్వడానికి రామోన్ ఉన్నాడుగా" అన్నాను. నాకూ గొంతు లేచింది. "ఇక నేనెందుకు? ఈ తెల్ల కోటెందుకు? పైగా నేనిస్తే..."

"సుల్మా, ఊరుకో" అన్నాడు ఎబెర్.

ఇన్నేళ్ళలో ఆ మనిషి మా చెల్లెలితో అలా మాట్లాడ్డం నేను వినలేదు.

"నీ సంచీలో వద్దు, రామోన్ సంచీలోనూ వద్దు" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళ పైనుంచి సందుల్లోనే తిరిగా. నాకు జబ్బేమీ లేదు వదినా. నడుం నొప్పి అని అబద్ధమాడి డాక్టరు చీటీ రాయించుకోమని మిల్టన్ చెవిలో పోరుతున్నాడు. నేనెందుకు అబద్ధమాడాలి? పనయ్యాక ఒకటి కాల్చుకోవడం నాకిష్టం. ఒలాసాబల్‌కి విస్కీ ఇష్టం. అతను విస్కీ కొట్టుకి సందులోంచి వెళుతున్నాడా? నేను పార్కు దాటి వచ్చి, అందరిలాగే వరుసలో నిలబడి, నా వేలితో కొనుక్కోవాలి. అలా కుదరకపోతే అసలు తాగడమే మానేస్తా. రామోన్‌కి అదే చెప్పి పంపా."

సుల్మా ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే మాంసం తిరగేసింది, మాడిపోతోందని.

నేను ఎబెర్ చెయ్యి మళ్ళీ పట్టుకుని చూశాను. "చర్మం ఊరుకోదు, మళ్ళీ వస్తుంది. మట్టి ముట్టుకోకుండా ఉంటే గీతలు తేలతాయి. కానీ ఎన్నాళ్ళో నేను చెప్పలేను" అన్నాను.

"డిసెంబర్లో మట్టి ముట్టుకోకుండానా?" అన్నాడు. మా దగ్గర ఇటుకకి ఎండ ఉన్న నెలలే నెలలు. ఎబెర్ జ్వరంతో కూడా అచ్చు పట్టినవాడు. తన మనుషులు కోసిన ఇటుకల్ని పక్కకి తోసి, మళ్ళీ తనే కోసుకునే రకం.

సుల్మా ముక్కు తుడుచుకుని తన చేతులు బల్ల మీద పరిచింది. తను ఉన్ని గోదాములో పనిచేస్తుంది. గొర్రెల బొచ్చు ఏరి వేరుచేసే పని, రోజంతా ఆ జిడ్డులోనే. అరవైకి దగ్గరపడినా దాని చేతులు పసిపిల్ల చేతుల్లా ఉంటాయి.

"ఉన్ని జిడ్డు రాసి గుడ్డ చుడతా" అంది. "రోజూ రెండు పూటలా. నువ్వు అచ్చు ముట్టుకున్నావో, నీ వేళ్ళు నేనే విరుస్తా."

అలా మొదలైంది. ఎబెర్ రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని, పైన ఉన్ని చేతి తొడుగులు వేసుకుని, నడి ఎండాకాలంలో బట్టీ దగ్గర తిరిగేవాడు. గుర్రాన్ని నోటితో అదిలించి మట్టి తొక్కించేవాడు, కాలితో కట్టెలు తోసేవాడు. ఇటుకలు మాత్రం పనివాళ్ళే కోశారు. "కొత్త పెళ్ళికూతురొచ్చింది, గోళ్ళ రంగు ఆరలేదు, ఎవరూ తగలకండి!" అని పక్క బట్టీవాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఒకసారి కొత్త కుర్రాడు కోసిన ఇటుక వంకర చూసి ఎబెర్ తట్టుకోలేక తొడుగు ఊడదియ్యబోయాడట. సుల్మా గరిటె విసిరింది.

సాయంత్రాలు మాతే ఒక్కటే తాగేవాడు. రామోన్ మళ్ళీ కబురంపాడు, మళ్ళీ వద్దన్నాడు. ఊరికి ఇదంతా తెలుసు. మా ఊళ్ళో తెలియనిదేముంది? ఎబెర్ వేళ్ళు ఎలా ఉన్నాయని కొట్టుకొచ్చినవాళ్ళు నన్నడిగేవాళ్ళు, అదేదో ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు. పేర్లా కూడా అడిగింది. జుట్టు రంగు కొనుక్కుంటూ, నా ముఖం చూడకుండా, "మీ మరిదిగారి చేతులకి మా తోటలో కలబంద ఉంది, కావాలంటే" అంది. నేను తీసుకెళ్ళాను.

ఫిబ్రవరిలో, కార్నివాల్ పండగ దగ్గరపడుతున్న రోజుల్లో ఒక శనివారం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, బయట మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. తల ఎత్తి చూశాను. పార్కు నడి దారిలో ఎబెర్ వస్తున్నాడు. అదే తెల్ల చొక్కా. చేతులకి ఉన్ని తొడుగులు. పక్కన సుల్మా, చంకలో ఫ్లాస్కు. తిన్నగా వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ముందుకి రమ్మని మిల్టన్ పక్కకి జరిగాడు.

"వద్దు, నా వంతు వస్తుంది" అన్నాడు ఎబెర్.

వంతు వచ్చింది. కౌంటరు ముందు నిలబడి, ముందు ఒక తొడుగు, తరవాత రెండోది ఊడదీసి సుల్మాకిచ్చాడు. గుడ్డ విప్పాడు. కొట్లో గొర్రె వాసన గుప్పుమంది. ఎవరూ నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కర్ర చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ ఒలాసాబల్. వరుసని చూడను కూడా చూడలేదు. తిన్నగా ముందుకొచ్చి, ఎబెర్ భుజం పక్కనుంచి కౌంటరు మీద చెయ్యి పెట్టాడు.

"నా మాత్రలిచ్చెయ్ నీబియా. ఇతనిదేముంది, వినోదం. నాది మందు."

నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది, మంచి ఘాటైన మాట. అది బయటికొచ్చేలోపే ఎబెర్ తల తిప్పాడు. గొంతు పెంచలేదు.

"వరుస ఉందండి ఇన్‌స్పెక్టర్ గారూ. వెనక నిలబడండి."

ముసలాయన నా వైపు చూశాడు. నేను మెషీనుని ఎబెర్ ముందుకి జరిపాను.

"వేలు పెట్టు ఎబెర్" అన్నాను.

కుడి బొటనవేలు. ఎరుపు.

సుల్మా కళ్ళు మూసుకుంది. ఈసారీ ఎర్ర దీపమే వెలిగితే మళ్ళీ "ఇవ్వను" అనాలి. అంటాను కూడా. ఆ మనిషి మళ్ళీ గోడ వారన నడుచుకుంటూ పోతాడు, ఇక ఎప్పటికీ రాడు. ఎబెర్ వేలు తీసి, చొక్కాకి తుడుచుకుని, తొందరేమీ లేనట్టు ఎడమ చూపుడువేలు పెట్టాడు. పొడి ఇటుకని తట్టి చూసినట్టు, మెత్తగా.

పచ్చ దీపం.

ఎవరు మొదలుపెట్టారో తెలీదు, చప్పట్లు. మిల్టన్ ఈల వేశాడు. మా సుల్మా చేతిలో ఫ్లాస్కు ఉన్న సంగతే మరిచిపోయి నన్ను కౌంటరు మీదుగా కావలించుకుంది. ఆ ఫ్లాస్కు నా పక్కటెముకల్లో దిగింది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఆ పచ్చ దీపం నేనొక్కదాన్నే కష్టపడి వెలిగించినంత గర్వంగా ఉంది నాకు.

"ఇంకేమైనా అడగాలా వదినా?" అన్నాడు ఎబెర్. కావాలనే నెమ్మదిగా అన్నాడు.

"అడగాలి" అన్నాను. నేనూ కావాలనే నెమ్మదిగా చెప్పాను. బలమెంతో చదివి వినిపించాను. పిల్లలకి అందకుండా పెట్టమన్నాను. తాగి బండి నడపొద్దన్నాను. ఊళ్ళో అందరికీ చెప్పే మాటలే, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఎబెర్ ఒక్కోదానికీ తల ఊపాడు. వెనక కర్ర రెండుసార్లు నేలకేసి కొట్టుకుంది. ప్యాకెట్టు కాగితం సంచీలో పెట్టబోతే వద్దన్నాడు. చేత్తో పట్టుకుని ముందు గుమ్మంలోంచి బయటికి నడిచి, ఎదురుగా పార్కులో బెంచీ మీద కూర్చున్నాడు. ప్యాకెట్టు పక్కనే బెంచీ మీద పెట్టాడు. సుల్మా మాతే కలిపి ఇచ్చింది.

తరవాత వంతులన్నీ అయ్యాక ఒలాసాబల్ వంతు వచ్చింది. మాత్రలిచ్చాను. రోజుకొకటి, ఉప్పు తగ్గించండి అన్నాను. తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. బయట బెంచీ కనబడుతోంది. మా గుమ్మంలోంచి ఎటు వెళ్ళాలన్నా ఆ బెంచీకి కనబడే వెళ్ళాలి. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ సందులోకి ఒక గుమ్మం ఉండేది కదా?"

"మూసేశానండి" అన్నాను. "ఇక్కడ అందరికీ ఇదే గుమ్మం."

ఆయన కర్ర ఆనించుకుని బయటికి దిగి, పార్కు నడి దారిలో, బెంచీ ముందునుంచి నడిచాడు. ఎబెర్ మాతే బుర్ర కిందికి దించి, ఊరంతా వినేలా "నమస్కారం ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాడు. ఒలాసాబల్ ఆగి టోపీ తీశాడు.